పాత పియొనీ దుబ్బును విడదీయడం, నలుగురికీ పంచడం ఎలా?

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఇంటితో పాటు ఒక పియొనీ దుబ్బు కూడా వస్తుంది. గరాజ్ గోడ పక్కనో, వెనక ఫెన్స్ దగ్గరో ఉంటుంది. ఎవరు నాటారో, ఎప్పుడు నాటారో చెప్పేవాళ్ళుండరు. ఏప్రిల్‌లో ఎర్రటి మొలకలు నేల చీల్చుకుని వస్తాయి. మే నెలాఖరుకల్లా రెండు చేతుల్లో పట్టనంత పూలు పూస్తాయి. వారం పది రోజులు వీధి వీధంతా ఆగి చూస్తుంది. ఒక్క వాన పడగానే పూలన్నీ తలలు వాల్చేస్తాయి. ఆ పది రోజుల్లోనే ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగే మాట ఒకటుంది: "వదినా, మాకూ ఒక పిలక ఇవ్వవా?"

తప్పకుండా ఇవ్వండి. పియొనీ యాభై ఏళ్ళు సులువుగా బతుకుతుంది. వందేళ్ళు దాటినవీ ఉన్నాయి. అలాంటి మొక్క ఒకే ఇంట్లో ఉండిపోతే, ఆ ఇల్లు ఎవరో కొని డ్రైవ్‌వే వెడల్పు చేసిన రోజున పోతుంది. నాలుగిళ్ళలో ఉంటే ఎక్కడో ఒకచోట బతికి ఉంటుంది. కాకపోతే అరటి పిలకలా పక్క నుంచి లాగి ఇచ్చేది కాదిది. దుబ్బు మొత్తం తవ్వి, కడిగి, కోసి ఇవ్వాలి. ఒక శనివారం పని. ఇచ్చే ముక్క మూడేళ్ళకైనా పూసేలా ఉండాలంటే కొన్ని విషయాల్లో గట్టిగా ఉండాలి, వాటి గురించే ఇది.

ముందు తేల్చుకోవాల్సినవి

బాగా పూస్తున్న పియొనీని ఊరికే కదపకండి. కొన్ని మొక్కల్ని మూడు నాలుగేళ్ళకోసారి విడదీయకపోతే పూత తగ్గుతుంది, దీనికి ఆ అవసరం లేదు. చుట్టూ చెట్లు పెరిగి నీడ కమ్మేసినా, ఇల్లు మారుతున్నా, పూత ఏటేటా తగ్గుతున్నా, లేదా నలుగురికి పంచాలని మీకే అనిపించినా అప్పుడు తవ్వండి. పంచడానికే అయితే అదొక్కటే చాలినంత కారణం.

మీది ఏ రకమో కూడా చూసుకోండి. ఈ పద్ధతి చలికాలంలో కాడలు పూర్తిగా ఎండి, వసంతంలో మళ్ళీ నేలలోంచి మొలిచే మామూలు పియొనీకి. పాత ఇళ్ళలో ఉండేవి దాదాపు అన్నీ ఇవే. చలికాలంలో కూడా కట్టెలాంటి కొమ్మలు నిలబడి ఉంటే అది ట్రీ పియొనీ. దాన్ని ఇలా కోయకూడదు, వదిలేయండి. ఈ రెండింటినీ కలిపి పుట్టించిన ఇటో రకాలు కూడా ఉన్నాయి. జపాన్‌లో తోయిచి ఇటో చేసిన సంకరాలతో మొదలైనవి కాబట్టి ఆ పేరు. వాటిని విడదీయొచ్చు కానీ మొదలు కట్టెలా గట్టిగా ఉంటుంది, రంపం లేనిదే పని జరగదు.

పాత ఇంటి మొక్క పేరు తెలుసుకోవడం కష్టమే. కానీ తెల్లటి పువ్వు మధ్యలో కుంకుమ చిలకరించినట్టు ఎర్రటి చుక్కలుంటే అది 1851 నాటి ఫెస్టివా మాక్సిమా అయ్యే అవకాశం ఎక్కువ. లేత గులాబీ రంగులో ముద్దగా, జూన్‌లో కాస్త ఆలస్యంగా పూస్తే 1906లో వచ్చిన సారా బెర్న్‌హార్ట్ కావచ్చు. మిషిగన్‌లో ఉన్నవాళ్ళు ఆన్ ఆర్బర్ వెళ్ళి యూనివర్సిటీవారి నికల్స్ ఆర్బొరీటం (రకరకాల చెట్లు పెంచే పెద్ద తోట)లోని పియొనీ మళ్ళు చూడండి. 1922లో మందుల కంపెనీ పెట్టిన డాక్టర్ అప్‌జాన్ ఇచ్చిన మొక్కలతో మొదలైంది. పాత రకాల సేకరణల్లో ఉత్తర అమెరికాలోకెల్లా పెద్దదని పేరు. ప్రతి మడికీ పేరు రాసి ఉంటుంది, మీ ఫోన్లో ఫొటో పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు.

పూసేటప్పుడే గుర్తు పెట్టుకోండి

తవ్వేది సెప్టెంబర్‌లో. అప్పటికి పూలుండవు, ఆకులన్నీ ఒకలాగే ఉంటాయి. తెలుపేదో ఎరుపేదో ఎవరూ చెప్పలేరు. అందుకని జూన్ మొదట్లోనే పువ్వు రంగు ఊలు దారం ఒకటి కాడ మొదట్లో వదులుగా కట్టండి. ఫొటో తీసుకోండి. ఎవరికి ఏ రంగు కావాలో కూడా అప్పుడే అడిగి రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఎప్పుడు తవ్వాలి

అందరూ తప్పుగా చేసేది వసంతంలోనే. మే నెలలో పూలు చూసి ముచ్చటపడి అప్పుడే తవ్వి ఇచ్చేస్తారు. ఆ సమయానికి మొక్క వేళ్ళలో దాచుకున్న తిండినంతా కాడలకు, మొగ్గలకు పంపేసి ఉంటుంది. అప్పుడు కోస్తే చావకపోయినా కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఆగస్టు నెలాఖరుకల్లా వచ్చే ఏటి మొలకలు నేలలో తయారై ఉంటాయి. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి కొత్తచోట సన్న వేళ్ళు తొందరగా పడతాయి. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటడం పూర్తవ్వాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్ వాళ్ళు సెప్టెంబర్ మొదటి సగంలోనే చేసేయండి. మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వాళ్ళకు సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా టైం ఉంది. వర్జీనియా, నార్త్ కరోలినా అయితే అక్టోబర్ మంచిది.

కావలసినవి

పొడుగాటి పార, మట్టి వదులు చేసే గార్డెన్ ఫోర్క్, వంటింట్లో పక్కన పడేసిన పెద్ద కత్తి, చిన్న చేతి రంపం, నీళ్ళ పైపు, బకెట్, గ్లవుజులు. కత్తి, రంపం తుడవడానికి రబ్బింగ్ ఆల్కహాల్, లేదా ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు. తవ్వేది ఇంటి ముందైనా వెనకైనా రెండు మూడు పని రోజుల ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగుతో గీత గీసి వెళ్తారు, డబ్బులు తీసుకోరు.

తవ్వడం

తవ్వే ముందు రోజు నేల బాగా తడపండి. కాడల్ని నేల నుంచి మూడు నాలుగు అంగుళాలు ఉంచి కోసేయండి. ఆ మోళ్ళు పట్టుకోవడానికి పనికొస్తాయి, కళ్ళు (వచ్చే ఏటి కాడలు మొలిచే మొగ్గలు) ఎక్కడున్నాయో కూడా చెబుతాయి. అయితే వాటినే పట్టుకుని పైకి లాగొద్దు, ఊడి వచ్చేస్తాయి.

మొదలు నుంచి అడుగు, అడుగున్నర దూరంలో పారను నిటారుగా దించుతూ చుట్టూ గుండ్రంగా వెళ్ళండి. తర్వాత ఫోర్క్‌ని అడుగు దించి, ఒక్కో వైపు నుంచి కొంచెం కొంచెంగా ఎత్తండి. పాత దుబ్బు వేళ్ళు మణికట్టంత లావుంటాయి. ముల్లంగిలా పుటుక్కున విరుగుతాయి. కొన్ని విరిగినా ఫరవాలేదు, కంగారు పడొద్దు. పదిహేనేళ్ళు దాటిన దుబ్బు మట్టితో కలిసి చాలా బరువుంటుంది, ఒక్కరే ఎత్తే పని పెట్టుకోకండి. పిలక అడిగినవాళ్ళనే సాయానికి పిలవండి. తవ్వడం కళ్ళారా చూసినవాళ్ళు నాటేటప్పుడు జాగ్రత్తగా ఉంటారు.

మొత్తం తవ్వడానికి మనసొప్పకపోతే ఇంకో దారి ఉంది. ఒక పక్క మట్టి తీసి, అంచున ఉన్న భాగాన్ని మాత్రం పదునైన పారతో కోసి బయటికి తీయొచ్చు. మిగతా మొక్కకు పెద్దగా తెలియదు, వచ్చే ఏడాది కూడా పూస్తుంది. ఒక్కరికో ఇద్దరికో ఇవ్వడానికి ఇదే మేలు.

కడిగి, నీడలో ఉంచడం

పైపు పెట్టి మట్టి మొత్తం పోయేదాకా కడగండి. కళ్ళు కనిపిస్తేనే ఎక్కడ కోయాలో తెలుస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య చాలా రాష్ట్రాల్లో జంపింగ్ వర్మ్ అనే వానపాముల బెడద పెరిగింది. మట్టిని పొడిపొడి చేసి పాడుచేస్తాయవి, వాటి గుడ్లు మట్టిలో కంటికి ఆనవు. మీ పెరటి మట్టితో సహా మొక్కను ఇస్తే వాటినీ ఇచ్చినట్టే.

కడిగిన దుబ్బును రెండు మూడు గంటలు నీడలో పెట్టండి. వేళ్ళు కాస్త వాడి మెత్తబడతాయి, కోసేటప్పుడు ఎక్కడపడితే అక్కడ విరగవు.

కోయడం

ఇక్కడ తొందర పనికిరాదు. దుబ్బును తిప్పి తిప్పి చూడండి. పోయిన కాడల మొదళ్ళ పక్కనే గులాబీ రంగులోనో, తెల్లగానో, చిటికెన వేలి కొనంత మొగ్గలు కనిపిస్తాయి. అవే కళ్ళు. ఒక్కో కంటి నుంచి వచ్చే ఏడాది ఒక్కో కాడ వస్తుంది. దుబ్బును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కదిపితే ఎక్కడ వదులుగా ఉందో తెలుస్తుంది. మొదటి కోత అక్కడే పెట్టండి. కత్తి దిగకపోతే రంపం. పెద్ద దుబ్బును ముందు రెండుగా, తర్వాత నాలుగుగా చేసుకుంటే లోపలి భాగం కనిపిస్తుంది.

ఒక్కో ముక్కకు మూడు నుంచి ఐదు కళ్ళు, వాటి కిందే అతుక్కుని ఉన్న రెండు మూడు మంచి లావు వేళ్ళు ఉండాలి. కళ్ళు లేని వేరు ఎంత లావుదైనా సాధారణంగా మొలకెత్తదు. వేరు లేని కన్ను నిలవదు. ముప్పై కళ్ళున్న దుబ్బు నుంచి ఆరేడు ముక్కలొస్తాయి. అడిగినవాళ్ళు పదిహేనుమంది ఉన్నారని ఒక్కో కన్ను చొప్పున పదిహేను ముక్కలు చేయకండి. ఒకటి రెండు కళ్ళ ముక్క బతకొచ్చు, కానీ పూయడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. అంతకాలం ఎదురుచూసే ఓపిక అందరికీ ఉండదు, మధ్యలో తీసి పారేస్తారు. ఈ ఏడాది ఏడుగురికే పూసే ముక్కలివ్వండి, మిగతావాళ్ళకు ఇంకో దుబ్బు నుంచి వచ్చే ఏడాది ఇవ్వొచ్చు.

పాత దుబ్బు మధ్య భాగం తరచుగా కుళ్ళి, నల్లగా, గుల్లగా ఉంటుంది. తెల్లటి గట్టి కండ వచ్చేదాకా దాన్ని కోసి పారేయండి. వేళ్ళను నాలుగు నుంచి ఆరు అంగుళాలకు కత్తిరించండి. వేళ్ళ మీద చిన్న చిన్న కంతులు వరసగా ఉంటే నులిపురుగులు పట్టి ఉండొచ్చు. అలాంటి ముక్కను ఎవరికీ ఇవ్వకండి, మీరూ నాటకండి, చెత్త బండిలో వేసేయండి. ఒక దుబ్బు కోశాక రెండో దుబ్బు ముట్టుకునే ముందు కత్తి తుడవడం మర్చిపోవద్దు.

ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే కోసిన వేళ్ళ ముక్కలు కింద వదలకండి. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి.

నాటడం: లోతే అసలు సంగతి

"మా పియొనీ ఆకులేస్తుంది కానీ పూయదు" అని ఎవరైనా అంటే, నీడ లేదని తేలాక అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎంత లోతులో నాటారని. మనకు చిన్నప్పటి నుంచి మొక్కను లోతుగా పాతడం అలవాటు. పియొనీ దగ్గర ఆ అలవాటు పక్కన పెట్టాలి. కళ్ళ మీద ఒకటి నుంచి రెండు అంగుళాల మట్టి మాత్రమే ఉండాలి. మీ చూపుడు వేలి రెండు కణుపులు దాటకూడదు. నార్త్ కరోలినా లాంటి వెచ్చటి చోట్ల అయితే అర అంగుళం, అంగుళం చాలు. మొలకలకు చలి తగలాలి, అప్పుడే పూత వస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా ఎండ, నీళ్ళు నిలవని నేల, పెద్ద చెట్ల వేళ్ళకు దూరం, ఇవి చూసుకోండి. పాత మొక్క తీసిన గుంతలోనే మళ్ళీ పియొనీ పెట్టకపోవడం మంచిది. తప్పకపోతే అక్కడి మట్టి తీసేసి కొత్తది నింపండి. మొక్కకీ మొక్కకీ మూడు నాలుగు అడుగుల ఎడం ఉండాలి. నాటిన ఏడాది వెలితిగా కనిపిస్తుంది, నాలుగో ఏటికి సరిపోతుంది.

అడుగున్నర వెడల్పు, అడుగు పైన లోతు గుంత తీయండి. తవ్విన మట్టిలో బాగా చివికిన కంపోస్టు కలపండి. పచ్చి పేడ ఎరువు వద్దు, వేళ్ళు కుళ్ళుతాయి. నైట్రోజన్ ఎక్కువున్న లాన్ ఎరువు కూడా వద్దు, ఆకులే వస్తాయి. గుంత అడుగున మట్టి కొంచెం దిబ్బలా పోసి తొక్కండి. ముక్కను కళ్ళు పైకి ఉండేలా దాని మీద కూర్చోబెట్టండి. ఇప్పుడు ఒక కర్రను గుంతకు అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పెట్టండి. ఆ కర్ర నుంచి కళ్ళ కొనల దాకా ఎంత దూరముందో వేలితో కొలవండి. రెండు కణుపుల కంటే ఎక్కువుంటే ముక్కను తీసి కింద ఇంకాస్త మట్టి వేయండి.

మట్టి సగం నింపి, వేళ్ళ మధ్య ఖాళీలు లేకుండా చేత్తో అదిమి, నీళ్ళు పోయండి. మట్టి దిగుతుంది, దాంతో పాటు ముక్క కూడా దిగుతుంది. కర్ర మళ్ళీ పెట్టి మళ్ళీ కొలవండి. చాలామంది వదిలేసే పని ఇదే. మొదటిసారి సరిగ్గానే కొలుస్తారు, నీళ్ళు పోశాక చూడరు, మూడంగుళాలు కిందికి పోయి ఉంటుంది. లోతు సరిచేసుకున్నాకే మిగతా మట్టి నింపి, చుట్టూ చిన్న పాదు చేసి మళ్ళీ నీళ్ళు పోయండి. వానలు లేకపోతే నేల గడ్డకట్టేదాకా వారానికోసారి తడపండి.

పంచడం

మన పండగల క్యాలెండర్ దీనికి భలే కలిసొస్తుంది. బతుకమ్మ, దసరా బొమ్మల కొలువు పేరంటాలు చాలా ఏళ్ళు సరిగ్గా సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే వస్తాయి. అందరూ ఒకచోట కలుస్తారు, కారు డిక్కీలో పెట్టుకుని వెళ్తే చాలు. పేరంటానికి వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు ఒక పియొనీ ముక్క ఇస్తే, ప్లాస్టిక్ డబ్బాల రిటర్న్ గిఫ్టుల కంటే ఎన్నో రెట్లు మేలు.

ఒక్కో ముక్కను కాస్త తడిగా ఉన్న న్యూస్ పేపర్‌లో చుట్టి కాగితం సంచిలో పెట్టండి. మూత బిగించిన ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. వెంటనే నాటలేని వాళ్ళు చల్లటి బేస్‌మెంట్లో వారం పది రోజులు ఉంచుకోవచ్చు, పేపర్ ఎండిపోకుండా చూసుకుంటే చాలు.

సంచి మీద మార్కర్‌తో నాలుగు మాటలు రాయండి: పువ్వు రంగు, "ఎండలో నాటండి", "కళ్ళ మీద రెండు అంగుళాల మట్టే", "మూడో ఏడాది దాకా ఆగండి". నోటితో చెబితే పండగ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. ఒక చిన్న గీత బొమ్మ కూడా వేయగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే కళ్ళు కిందికి పెట్టి తలకిందులుగా నాటేవాళ్ళు కూడా ఉంటారు.

పక్కింటి అమెరికన్ పెద్దావిడకు కూడా ఒకటి ఇవ్వండి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే రోజున తమవాళ్ళ సమాధుల మీద పియొనీలు పెట్టడం ఇక్కడ పాత అలవాటు. ఇండియానాకైతే 1957 నుంచి రాష్ట్ర పుష్పం ఇదే. ఈ పువ్వుతో వాళ్ళకు తల్లి, అమ్మమ్మ గుర్తొస్తారు. ఇచ్చి చూడండి, మాట కలవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

దూరాన ఉన్న చెల్లికి పోస్టులో పంపాలంటే మట్టి చుక్క కూడా లేకుండా కడిగి పంపండి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు బయటి నుంచి వచ్చే మొక్కల్ని తనిఖీ చేస్తాయి, ముందే రూల్స్ చూసుకోండి. డాలస్‌లో ఉన్నవాళ్ళకు ఇది కష్టంగా పూస్తుంది, హ్యూస్టన్ వాళ్ళు ఆశ వదులుకోవాల్సిందే. ఇక వేసవికి వచ్చి చూసిన అమ్మానాన్నలు ఊరికి తీసుకెళ్తామంటారు. పర్మిట్, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళడం చట్టవిరుద్ధం. పైగా పియొనీకి వారాల తరబడి గట్టి చలి కావాలి. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ అది దొరకదు. మన దేశంలో దీని జాతి మొక్క పశ్చిమ హిమాలయాల్లో అడవి మొక్కగా పెరుగుతుంది, అక్కడి చలి వేరు. వాళ్ళ కోసం ఫొటో ఫ్రేమ్ కట్టించి ఇవ్వండి.

తర్వాతి సంగతులు

మొదటి చలికాలం మాత్రం నేల గడ్డకట్టాక పైన రెండు మూడంగుళాల గడ్డి కప్పండి. లేకపోతే నేల కరిగి మళ్ళీ గడ్డకట్టే ప్రతిసారీ కొత్త ముక్క పైకి తన్నుకొస్తుంది. వసంతం రాగానే ఆ గడ్డి తీసేయాలి, అది మరిస్తే లోతుగా నాటినట్టే అవుతుంది.

మొదటి ఏడాది ఒకటి రెండు కాడలే వస్తాయి. మొగ్గ వస్తే గోటితో గిల్లేయండి. మనసు ఒప్పదు, కానీ ఆ బలమంతా వేళ్ళకు పోవాలి. రెండో ఏడాది ఒకటి రెండు పూలు ఉంచుకోవచ్చు. మూడో ఏడాది నుంచి అసలు పూత. మొగ్గల మీద చీమలు పడితే మందు కొట్టకండి. మొగ్గ పైన ఊరే తీపి రసం కోసం వస్తాయవి, ఏ హానీ చేయవు. పూజకు కోసుకెళ్ళే ముందు విదిలిస్తే రాలిపోతాయి. చినుకుల కాలంలో మొగ్గలు నల్లబడి, బూడిద రంగు బూజు పడితే అది బొట్రైటిస్ అనే తెగులు. పట్టిన భాగం వెంటనే కోసేయండి. ఏటా శరదృతువులో కాడలన్నీ నేల మట్టానికి కోసి చెత్తలో వేయండి, కంపోస్టులో వేయకండి.

నాలుగో వసంతానికి కూడా పూయలేదంటే మొదలు దగ్గర మట్టిని వేళ్ళతో మెల్లగా పక్కకు తోసి కళ్ళు ఎంత లోతున్నాయో చూడండి. లోతుంటే సెప్టెంబర్‌లో ముక్కలు చేయకుండా అలాగే పైకెత్తి, కర్ర అడ్డంగా పెట్టి కొలిచి మళ్ళీ నాటండి.